డబ్బులు మావి, తాళంచెవి బడిది

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఏ తెలుగింటి తలుపు తట్టినా ఐటీవాళ్ళే తీస్తారని మనవాళ్ళకి ఒక నమ్మకం. మా ఇంటికి ఆ యోగం లేదు. నేను ఏజ్డ్ కేర్ హోమ్‌లో నర్సుని, మా ఆయన వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేస్తారు. ఇంట్లో కంప్యూటర్‌కి ఏం జబ్బు చేసినా హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి వాట్సాప్ కాల్ చేయడమే మాకు తెలిసిన వైద్యం. కాబట్టి ఇది చదివి ఐటీవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి. పిల్లల బడి లాప్‌టాప్‌తో తల పట్టుకున్న నాలాంటివాళ్ళ కోసం రాస్తున్నా.

మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇయర్ సెవెన్‌లోకి వచ్చింది. ఇక్కడ హైస్కూల్ మొదలయ్యేది అక్కడే. పుస్తకాల జాబితాలో లాప్‌టాప్ కూడా ఉంది, అదీ తప్పనిసరి. మా ఆయన వాడే పాతది, ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్‌ది, గంట కొట్టినట్టు నడుస్తోంది, దాన్నే పంపిద్దామనుకున్నాం. కుదరదన్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఒక్క తరం తేడాతో మాది పాతసామానులోకి పోయింది. పోనీ కొత్తది బాక్సింగ్ డే సేల్‌లో చూసుకుందామంటే, బడి చెప్పిన పోర్టల్‌లోనే కొనాలట. మూడేళ్ళ వారంటీ, కింద పడేస్తే బాగుచేసే ఇన్సూరెన్సు అన్నీ కలిపి పన్నెండు వందల డాలర్ల దాకా తేలింది.

అట్టపెట్టె విప్పి, పైనున్న ప్లాస్టిక్ పొర కూడా తీయకముందే ఆన్ చేసింది మా అమ్మాయి. దేశం, కీబోర్డు ఎంచుకుని వైఫైకి కలపగానే తెర మీద బడి పేరు, లోగో, స్వాగతం! ఆ పైన మామూలుగా అడిగేవేవీ అడగలేదు. బడి ఈమెయిల్ కొట్టమంది, అంతే. తమ్ముడికి చూపించా.

"అక్కా, దాన్ని ఆటోపైలట్ అంటారు. అమ్మేటప్పుడే ఆ మెషీన్ గుర్తులు బడి ఖాతాలో ఎక్కించేస్తారు. నువ్వు మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటినుంచి పెట్టినా ఈ తెర దగ్గరికే వస్తుంది."

"మరి మేం కొన్నాం కదరా?"

"కొన్నది నువ్వే. అడ్మిన్ మాత్రం వాళ్ళు."

నాకు తాళాల మీద కోపం లేదు. మా హోమ్‌లో షెడ్యూల్ 8 మందుల బీరువా ఉంటుంది. మార్ఫిన్, ఆక్సికోడోన్ లాంటివి. షిఫ్టు మారినప్పుడల్లా ఇద్దరం నిలబడి లెక్కపెట్టి, రిజిస్టర్లో సంతకాలు పెట్టి, తాళంచెవి చేతులు మారుస్తాం. అర్ధరాత్రి ఓ పెద్దాయన నొప్పితో మూలిగితే చెవి ఎవరి నడుముకి వేలాడుతోందో అందరికీ తెలుసు. బడి లాప్‌టాప్‌తో నాకొచ్చిన చిక్కల్లా అక్కడే. తాళం కనిపిస్తుంది, చెవి ఎవరి దగ్గరుందో ఎక్కడా రాసి ఉండదు. "మీ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి" అంటుంది తెర. ఆ మనిషెవరు, ఏ నంబరు, ఏ గదిలో కూర్చుంటారు?

మూసినవాటిలో సగం నాకు ఇష్టమే. స్టోర్ లేదు, గేములు లేవు. పెన్‌డ్రైవ్ పెడితే పలకదు. మా విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ బళ్ళలో 2020 నుంచే ఫోన్లు బంద్, బడి గంట నుంచి ఇంటి గంట దాకా లాకర్లో ఉండాల్సిందే. సోషల్ మీడియా సంగతైతే 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు పిల్లలకి అకౌంటే ఉండకూడదని దేశమంతటికీ చట్టం వచ్చింది, ఇంక బడి ఫిల్టర్ ప్రత్యేకంగా చేసేదేముంది. మార్చిలో దేశమంతా జరిగే నాప్లాన్ పరీక్షకి వాళ్ళే లాక్‌డౌన్ బ్రౌజర్ ఎక్కించారు. పరీక్ష నడుస్తున్నంతసేపూ ఇంకో కిటికీ తెరుచుకోదు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది తరగతుల పిల్లలు ఇప్పుడు ఈ పరీక్ష మెషీన్ల మీదే రాస్తారు కాబట్టి (మూడో తరగతి వాళ్ళు వ్యాసం మాత్రం కాగితం మీదే) ఇదంతా బడివాళ్ళే చూసుకోవడం మాకు సుఖం.

గొడవ ఉగాదికి మొదలైంది.

ఆదివారం తెలుగు క్లాసులో టీచర్‌గారు ఉగాది గురించి పది వాక్యాలు తెలుగులో టైపు చేసి తెమ్మన్నారు. చేత్తో రాస్తే ఒప్పుకోరు, పిల్లలకి టైపింగ్ రావాలని ఆవిడ పట్టుదల. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి వస్తోంది, ఇంగ్లిషు అక్షరాల్లో "ugaadi" అని కొడితే ఉగాది అని పడుతుంది. విడిగా ఏమీ కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో భాష చేర్చుకుంటే చాలు. మా అమ్మాయి అక్కడికి వెళ్తే "యాడ్ ఎ లాంగ్వేజ్" బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలదు. పైన ఒక వాక్యం: ఈ సెట్టింగ్స్‌లో కొన్నింటిని మీ సంస్థ నిర్వహిస్తోంది.

పోనీ లేఖినిలో కొట్టుకోమన్నా. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే పేజీ, తెలుగు బ్లాగుల కాలం నుంచి మన చేతికి అలవాటైనదే కదా. అదీ బ్లాక్. ఎందుకయ్యా అని చూస్తే, కారణం దగ్గర "అన్‌కేటగరైజ్డ్" అని ఉంది. అంటే అందులో చెడు ఏదో కనిపించి ఆపలేదు. ఆ పేజీ ఏ కోవలోకి వస్తుందో ఫిల్టర్ కంపెనీ జాబితాలో ఎవరూ రాయలేదు, రాయనివాటన్నిటినీ మా బడి మూసేస్తుంది. ఫుట్‌బాల్ సైట్లకి ఒక కోవ ఉంది, బూట్లు అమ్మే సైట్లకి ఒక కోవ ఉంది. తెలుగులో అక్షరాలు దిద్దే పేజీకి లేదు. నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజమే. తర్వాత ఆలోచిస్తే, జాబితా రాసినవాడికి తెలుగు అనేది ఒకటుందని ఎవరూ చెప్పలేదు, అంతకన్నా ఏం లేదు.

"అమ్మా, మా క్లాసులో అందరూ వీపీఎన్ పెట్టుకుంటారు" అంది మా అమ్మాయి, ఏదో ఉపాయం చెప్పినట్టు.

వీపీఎన్ అంటే ఫిల్టర్‌కి కనబడకుండా వేరేవాళ్ళ సర్వర్ మీదుగా నెట్‌కి వెళ్ళే దారి. ఆ మాటకి మాత్రం నేను గట్టిగానే చెప్పా. పైసా తీసుకోకుండా వీపీఎన్ ఇచ్చేవాడు దానం చేయడానికి కూర్చోలేదు. పిల్ల ఏ పేజీలు చూస్తోందో, ఏ వేళకి చూస్తోందో అంతా ముక్కూ మొహం తెలియనివాడి చేతుల్లోంచి పోతుంది. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా పెట్టుకునే రకమైతే తెరిచిన పేజీలో ఉన్నదంతా చదివే అనుమతి కూడా అడుగుతుంది. పైగా బడిలో చేర్చేటప్పుడు నియమాల కాగితం మీద సంతకం పెట్టింది నేను. పన్నెండేళ్ళ పిల్ల మాట నిలబెట్టుకోవాలని అనుకుంటూ నేనే పక్కదారి చూపిస్తానా?

మా పెద్దమ్మ మనవడికీ ఇదే కథ, ఊరు వేరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు ఎక్కించిన శామ్‌సంగ్ ట్యాబులు ఇచ్చింది, మొదలుపెట్టింది మా వైపే, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో. వాటిలోనూ పాఠాలు తప్ప వేరేవి పనిచేయకుండా తాళం వేశారు. ఆ తర్వాత నేను ఊరెళ్ళినప్పుడు వాడు, వాడి స్నేహితులు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేది ఒకటే, తాళం తీసే ఫోన్ల షాపు ఏది, ఎంత తీసుకుంటాడు. పిల్లలున్న చోటల్లా తాళం తీసే షాపు ఒకటి ఉంటుంది. ఇక్కడ అది యూట్యూబ్ వీడియో రూపంలో ఉంది.

తమ్ముడు రాత్రి కాల్‌లో ఒక మంచి పని నేర్పాడు. ముందు ఏ తాళం ఎక్కడుందో కనిపెట్టమన్నాడు. బడి వైఫైలో ఆగిపోయి ఇంటి వైఫైలో తెరుచుకుంటే అది బడి నెట్‌వర్క్ తాళం, ఇంట్లో దానితో పేచీ లేదు. ఇంట్లోనూ ఆగితే, నా ఫోన్‌ హాట్‌స్పాట్‌కి కలిపి చూడమన్నాడు. అప్పటికీ ఆగింది. అదే పేజీ మా ఆయన పాత లాప్‌టాప్‌లో తెరుచుకుంది. అందులోనే ఎడ్జ్ బ్రౌజర్‌లో మా అమ్మాయి బడి ఈమెయిల్‌తో లాగిన్ అయి చూసినా తెరుచుకుంది. అంటే తాళం వైఫైలో లేదు, ఖాతాలో లేదు, ఆ మెషీన్‌లోనే కూర్చుంది. దాన్ని తీయగలిగేది మెషీన్ అడ్మిన్ ఒక్కడే.

"ఇప్పుడు సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్, బడి పేరు మీద నొక్కి ఇన్ఫో తెరువు" అన్నాడు. ఆ పేజీ ప్రతి తల్లీతండ్రీ ఒకసారి చూడాలి. బడి ఏయే విషయాలు తన చేతిలో పెట్టుకుందో అక్కడ వరసగా కనిపిస్తుంది. కింద సింక్ అని ఒక బటన్, ఇంకా కిందకి పోతే రిపోర్టు తయారుచేసే బటన్. నాకు సగం అర్థం కాలేదు గానీ, ఎవరికి ఉత్తరం రాయాలో, అందులో ఏం రాయాలో తెలిసింది.

మా తమ్ముడి సలహా ఏంటంటే, "తెలుగు పనిచేయట్లేదు" అని రాస్తే "విండోస్ అప్‌డేట్ చేసి చూడండి" అని జవాబొస్తుంది, ఐటీవాడికి నొక్కాల్సిన బటన్ పేరు రాయాలి. అలాగే రాశా. మా అమ్మాయి పేరు, క్లాసు, లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబరు. కావలసింది తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఒక్కటే, మెనూలన్నీ తెలుగులోకి మార్చమనడం లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగడం లేదు. లేఖిని పేజీ అడ్రసు, అదేం చేస్తుందో ఒక వాక్యం, బ్లాక్ అయిన తెర ఫోటో. పిల్ల ఎందుకు వాడుతుందో ఇంకో వాక్యం. చివర, మీరు చూసుకునే మెషీన్లలో మాలాంటి ఇళ్ళ పిల్లలవి ఇంకా ఉంటాయి కదా అని చిన్నగా తగిలించా. బడి ఆఫీసుకి పంపి, ఐటీ టెక్నీషియన్‌కి చేర్చమన్నా. ఆ టెక్నీషియన్‌కి సొంత ఈమెయిల్ ఉందన్న సంగతి తిరుగు జవాబులో గానీ తెలియలేదు!

జవాబు రెండు వాక్యాలు. భాష పేజీ మూసింది పిల్లలు సరదాకి తెరంతా అరబిక్‌లోకో చైనీస్‌లోకో మార్చేసి, తిరిగి తెచ్చుకోలేక క్లాసు మధ్యలో ఆయన దగ్గరికి పరిగెత్తుతున్నందుకట. కీబోర్డు పంపిస్తున్నా, రేపు సింక్ నొక్కండి అని.

నాకు నవ్వొచ్చింది. నేనేదో పెద్ద విధానం అనుకున్నా, ఆయన నడుము నొప్పి అది.

మర్నాడు సింక్ నొక్కి, ఒకసారి రీస్టార్ట్ చేస్తే గడియారం పక్కన భాష గుర్తు వచ్చింది. విండోస్ మీటా స్పేసూ కలిపి నొక్కితే జాబితా. తెలుగు ఒక్కటే అనుకున్నామా, పంజాబీ, హిందీ, తమిళం కూడా దిగాయి. మా పక్క పంజాబీ కుటుంబాలు చాలా ఎక్కువ. ఒకరికి చేస్తూ అందరికీ చేసేశాడు మహానుభావుడు. మా అమ్మాయి పరాభవ నామ సంవత్సరం అని కొట్టడానికి కాస్త కుస్తీ పట్టింది గానీ, పది వాక్యాలూ పూర్తిచేసింది. లేఖినిని కూడా తెరిచారు. ఇప్పుడు అవసరం లేకపోయినా తెరిచారని సంతోషం.

ఇదంతా అయ్యాక మా ఆయన అడిగిన ప్రశ్న వేరు. "అది ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళకి ఏం కనిపిస్తుంది?" న్యాయమైన ప్రశ్న. మెషీన్లని దూరం నుంచే అదుపు చేయడానికి బళ్ళు వాడే మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ ద్వారా మెషీన్ మోడల్, సీరియల్ నంబరు, విండోస్ వెర్షన్, యాప్‌ల పేర్లు తెలుస్తాయని, ఫోటోలు, పాస్‌వర్డులు, చూసిన పేజీల చిట్టా తెలియవని మైక్రోసాఫ్ట్ రాసింది. అయితే ఫిల్టర్ వేరే సాఫ్ట్‌వేర్, దాని పనే పేజీలు చూడటం. కాబట్టి ఏది చెప్పి ఏది చెప్పలేదో విడివిడిగా అడగాలి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ 2010లో కోర్టు గొడవలో ఇరుక్కుంది. పోయిన లాప్‌టాప్‌లు వెతకడానికని పెట్టిన సాఫ్ట్‌వేర్ పిల్లల ఇళ్ళలో వెబ్‌కామ్ ఫోటోలు, తెర బొమ్మలు తీసింది, యాభై వేలకు పైగా. చివరికి 6,10,000 డాలర్లకి రాజీ పడ్డారు. అందుకని మా ఇంట్లో కెమెరా మీద చిన్న మూత ఉంటుంది, లాప్‌టాప్ హాల్లోనే చార్జింగ్‌కి పెడతాం, పడకగదిలోకి పోదు. బ్యాంకు పనులు, కుటుంబం ఫోటోలు దానిలో చేయం. ఇందులో బడి మీద అనుమానమేమీ లేదు. ఇంకొకరి తాళం ఉన్న బీరువాలో మన నగలు దాచుకోం కదా.

అసలు కష్టం బడి మారినప్పుడు. మా ఎదురింటి వదినవాళ్ళ అబ్బాయి పోయినేడు మధ్యలో వేరే బడికి మారాడు. లాప్‌టాప్ వీళ్ళు కొన్నదే. సెలవుల్లో ఏదో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయి, తెర నీలంగా మారి 48 అంకెల బిట్‌లాకర్ (ఫైళ్ళన్నిటికీ విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగింది. ఆ కీ దాచుకునేది పాత బడి ఖాతాలో. ఖాతా అప్పటికే మూసేశారు. నాలుగు నెలల స్కూల్ పని, సైన్సు ప్రాజెక్టు అన్నీ లోపల. వదిన పాత బడి ఆఫీసుకి ఫోన్ మీద ఫోన్ చేస్తే, మెషీన్ వివరాలు ఇంకా వాళ్ళ దగ్గర ఉండబట్టి కీ చదివి చెప్పారు. ఫోన్లో ఒకరు అంకెలు చదవడం, ఇంకొకరు కొట్టడం. తెరుచుకుంది, ఫైళ్ళు తీసుకున్నారు, ఇక కొత్తగా మొదలెడదామని మొత్తం తుడిచేశారు. మళ్ళీ ఆన్ చేస్తే పాత బడి లోగో, స్వాగతం! ఆటోపైలట్ జాబితాలోంచి తీసేయమని ఇంకో విడత ఫోన్లు.

కాబట్టి మీ పిల్లలు బడి మారుతుంటే, లేదా చదువు ముగిస్తుంటే, ఖాతా బతికుండగానే ఫైళ్ళు బయటికి తెచ్చుకోండి, బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, సీరియల్ నంబరు వేసి "ఈ మెషీన్‌ని ఇన్‌ట్యూన్‌లోంచి, ఆటోపైలట్‌లోంచి తీసేశాం" అని మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట చాలదు. వచ్చే ఏడాది మా చిన్నదానికి కొనేటప్పుడు నేను డబ్బు కట్టకముందే అడగబోయే మొదటి ప్రశ్న ఇదే: వదిలేసేటప్పుడు దీన్ని మాకు ఎలా విడిచిపెడతారు, ఎవరు విడిచిపెడతారు?

ఇంక మిగిలింది ప్రింటర్. మా ఇంట్లో ఉన్నది పాతది, దానికి సొంత డ్రైవర్ కావాలి, డ్రైవర్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. 2021లో విండోస్ ప్రింటింగ్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పటి నుంచి ఐటీవాళ్ళు ప్రింటర్ డ్రైవర్ అంటే చాలు, పామును చూసినట్టు చూస్తారని మా తమ్ముడు అంటాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి నా మెషీన్‌లో ప్రింట్ చేద్దామంటే యూఎస్‌బీ పలకదు. బడి మెయిల్ నుంచి నా జీమెయిల్‌కి పంపితే బయటి అడ్రసులకి వెళ్ళదంటుంది. చివరికి బడి వన్‌డ్రైవ్‌ని పాత లాప్‌టాప్‌ బ్రౌజర్‌లో తెరిచి అక్కడినుంచి ప్రింట్ తీస్తున్నాం, మా ఆయన నిద్రపోతున్న గదిలోంచి ఆ లాప్‌టాప్ చప్పుడు కాకుండా తెచ్చుకుని. టెక్నీషియన్‌ని అడిగితే ప్రింటర్ మోడల్ నంబరు ఫోటో పంపమన్నాడు. పంపా. ఇప్పుడు టర్మ్ సెలవులు, జవాబు రాలేదు.